ఇంజెక్షన్ మారిపోతే ముందు ఎవరికి చెప్పాలి?

ఈ నెల ఉత్తరాల్లో చాలా వరకు నర్సింగ్, మెడిసిన్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే పిల్లలు రాసినవే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అప్పటి నుంచి మన దక్షిణ తెలంగాణ పిల్లలు చాలామంది సొంత జిల్లా దవాఖానలోనే పని నేర్చుకుంటున్నారు. మంచం మీద ఉన్నది పక్క ఊరి పెద్దమ్మ. ఆమె వెంట వచ్చినవాళ్లు నాన్నకు తెలిసినవాళ్లు. అందుకే తప్పు జరిగితే భయం రెట్టింపవుతుంది, చెప్పాలంటే నోరు పెగలదు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, దవాఖానల పేర్లు తీసేసి ప్రశ్నలకు జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్న. పోయిన వారం పొద్దుటి ఇంజెక్షన్లప్పుడు 14వ బెడ్ యాదమ్మకు వేయాల్సిన సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 17వ బెడ్ యాదమ్మకు వేసిన. సగం ఎక్కించినాక తెలిసి ఆపిన. పక్కనున్న సీనియర్ "ఏం కాలేదు గదా, ఊకో, ఎవరికీ చెప్పకు" అన్నది. ఆ పెద్దమ్మకు నిజంగనే ఏం కాలేదు, డిశ్చార్జ్ అయి ఇంటికి పోయింది. నాకే నిద్ర పడుతలేదు. ఇప్పుడు చెప్తే కాలేజీల నుంచి తీసేస్తరా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: చెప్పండి. ముందు మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌కు, ఆ తర్వాత ఆమెతో కలిసి వెళ్లి వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కు. మాటలు ముందే కాగితం మీద రాసుకోండి: "మేడమ్, ఫలానా తేదీ పొద్దున 14వ బెడ్‌కు వేయాల్సిన సెఫ్ట్రియాక్సోన్ పొరపాటున 17వ బెడ్ పేషెంటుకు సగం వేసిన. తెలిసిన వెంటనే ఆపిన. అప్పుడు చెప్పలేదు, అది కూడా నా తప్పే." ఇంతే చాలు. ఎందుకు జరిగిందో, సీనియర్ ఏమన్నదో అడిగితే చెప్పండి. అడగకముందే వాళ్ల మీదికి నెట్టకండి. ఏ చర్య తీసుకుంటారో మేం హామీ ఇవ్వలేం. కానీ దాచిన సంగతి రేపు ఇంకొకరి నోటి నుంచి బయటపడితే మాత్రం పొరపాటు కాస్తా మోసం అవుతుంది. ఆ రెంటికీ చాలా దూరం ఉంది.

ఇక ఇలాంటిది మళ్లీ జరిగితే ఆ నిమిషంలో ఏం చేయాలో తెలిసి ఉండాలి. సిరంజి ఆపండి, నరంలో పెట్టిన గొట్టం (క్యాన్యులా) మాత్రం తీయకండి. రియాక్షన్ వస్తే మందులు పోయేది ఆ దారి గుండానే. మొహం చూడండి: పెదవులు, కనురెప్పలు ఉబ్బుతున్నాయా, ఒళ్లు దద్దుర్లు లేస్తున్నదా, ఆయాసం ఉందా, గొంతు బిగిసినట్టు ఉందా. మంచం దగ్గర నుంచి కదలకుండా ఇంకొకరిని పంపి స్టాఫ్ నర్సును, డ్యూటీ డాక్టర్‌ను పిలిపించండి. అడ్రినలిన్ ఉన్న ఎమర్జెన్సీ ట్రే మంచం పక్కకు రావాలి. పెద్దవాళ్లకు తీవ్రమైన అలర్జీ వస్తే తొడ కండలోకి 0.5 మి.గ్రా. వేస్తారు. నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్ శాతం అప్పుడే ఒకసారి, తర్వాత ఐదు నిమిషాలకు, పదిహేను నిమిషాలకు, అరగంటకు చూసి రాయాలి. యాంటీబయాటిక్ నరానికి వేస్తే తీవ్రమైన అలర్జీ ఎక్కువగా కొద్ది నిమిషాల్లోనే వస్తుంది కాబట్టి మొదటి పావుగంట కళ్లు తిప్పకూడదు.

అందరూ మరిచేది ఒకటుంది. తప్పు జరిగింది ఒక్క యాదమ్మకు కాదు, ఇద్దరికి. 14వ బెడ్ యాదమ్మకు ఆ పూట మందు పడిందా? 17వ బెడ్ మీద కంగారు పడుతూ ఆమె డోసు వదిలేస్తారు. పైగా చార్టులో "వేశాం" అని టిక్ పడి ఉంటుంది. డాక్టర్‌కు చెప్పేటప్పుడు రెండు బెడ్ల సంగతీ చెప్పాలి.

కేస్ షీట్‌లో జరిగింది జరిగినట్టే రాయాలి: ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, ఎవరికి చెప్పాం, వాళ్లేం చెప్పారు, పేషెంటు ఎలా ఉన్నది. "పొరపాటున", "నిర్లక్ష్యం వల్ల" లాంటి తీర్పు మాటలు అక్కర్లేదు. పాత రాత మీద వైట్‌నర్ పూయడం, దిద్దడం, కాగితం చింపి కొత్తది పెట్టడం ఎప్పుడూ చేయకండి. తప్పు రాసిన చోట పాత రాత కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ, టైము వేసి సంతకం పెట్టాలి. ఇంటివాళ్లకు ఆ సంగతి చెప్పే బాధ్యత డాక్టర్‌ది, విద్యార్థిది కాదు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు పక్కన నిలబడటానికి భయపడకండి.

ఇక ఎందుకు జరిగిందనేది. యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరు పెట్టుకోని ఇల్లు నల్లగొండ వైపు తక్కువ. మహబూబ్‌నగర్ వైపు కురుమూర్తి స్వామి పేరున కుర్మయ్యలు. ఏ మెడికల్ వార్డులో చూసినా ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. "యాదమ్మవేనా?" అని అడిగితే ఎవరైనా "ఆఁ" అంటారు. చెవి సరిగా వినబడని ముసలమ్మయితే ఏమడిగినా "ఆఁ" అంటుంది. కాబట్టి "నీ పేరు, నీ ఊరు చెప్పు పెద్దమ్మా" అని ఆమె నోటితోనే చెప్పించుకోవాలి. తర్వాత చేతి పట్టీ మీద, కేస్ షీట్ మీద ఐపీ నంబరు (దవాఖానలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) కలుస్తుందో లేదో చూడాలి. బెడ్ నంబరును ఎప్పుడూ నమ్మకండి. ఫ్యాను గాలి కోసం, కిటికీ కోసం రాత్రికి రాత్రి పేషెంట్లు మంచాలు మార్చుకుంటారు.

రెండో కారణం ట్రే. నలుగురికి నాలుగు సిరంజిలు ఒకేసారి నింపి, పేర్లు రాయకుండా ఒకే ట్రేలో పెట్టుకుని బయలుదేరడం పని తొందరగా అయ్యే దారిలా కనిపిస్తుంది. మధ్యలో ఎవరో "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని పిలుస్తారు. తిరిగొచ్చాక ఏ సిరంజి ఎవరిదో గుర్తుండదు. ఒక పేషెంటుకు ఒక ట్రే, నింపిన ప్రతి సిరంజికి చీటీ, లేబుల్ మూడుసార్లు చదవడం: అల్మారాలో నుంచి తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, ఖాళీ యాంపుల్ పడేసేటప్పుడు. మూడోసారి చదవడం ఎందుకని నవ్వేవాళ్లుంటారు. పొటాషియం క్లోరైడ్ 15 శాతం 10 మి.లీ. యాంపుల్, అంతే సైజు డిస్టిల్డ్ వాటర్ యాంపుల్ పక్కపక్కన పెట్టి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఆ ఒక్క యాంపుల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. డ్రిప్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన దాన్ని నేరుగా నరానికి తోస్తే గుండె ఆగిపోతుంది. ఆ రెండూ ఒకే డబ్బాలో ఉంటే ఇవాళే ఇన్‌చార్జి సిస్టర్‌తో చెప్పి వేరు చేయించండి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో ఉన్నాను. రక్తం తీశాక సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. భయంతో వేలు గట్టిగా పిండి, స్పిరిట్ పోసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. రెండు రోజులైంది. ఏమైనా ప్రమాదమా?
– మహబూబ్‌నగర్

జవాబు: ఈ పత్రిక పక్కన పెట్టి ముందు మీ దవాఖాన క్యాజువాల్టీకి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది. 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. మీకు ఇంకా కొంత టైము ఉండొచ్చు.

గుచ్చుకున్న వెంటనే చేయాల్సింది: నల్లా కింద వేలు పెట్టి సబ్బుతో కడగడం. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్, బ్లీచింగ్, అయోడిన్ పోయకూడదు. పిండితే, మంట పుట్టే మందులు పోస్తే చర్మం దెబ్బతిని మరింత పాడవుతుంది తప్ప వైరస్ బయటికి రాదు. కంట్లో పడితే మంచినీళ్లతో కడుక్కోవాలి. తర్వాత డ్యూటీ డాక్టర్‌కు చెప్పి, రిజిస్టర్‌లో టైము, ఏ సూది, ఎంత లోతు, ఎవరి రక్తం అన్నది రాయించాలి.

భయం తగ్గడానికి అంకెలు తెలియాలి. హెచ్ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం దాదాపు 0.3 శాతం, అంటే వెయ్యిలో మూడు. హెపటైటిస్ బీ టీకా వేసుకోనివారికైతే ఆ రోగి రక్తాన్ని బట్టి 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. అసలు భయపడాల్సింది దానికే, అయినా దాన్ని ఎవరూ తలుచుకోరు. టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. చివరి డోసు అయిన నెల, రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే మి.లీ.కు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. టీకా లేనివారికి టీకాతో పాటు హెపటైటిస్ బీ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. 24 గంటల్లోపైతే మేలు.

హెచ్ఐవీ మందు అవసరమని డాక్టర్ అనుకుంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకు ఒకటి, 28 రోజులు. మధ్యలో ఆపకూడదు. రక్తపరీక్ష ఇప్పుడు ఒకటి, 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు. ఎవరి రక్తం అంటిందో ఆ రోగికి హెచ్ఐవీ పరీక్ష ఆయన ఒప్పుకుంటేనే చేయాలి. 2017 హెచ్ఐవీ చట్టం అదే చెబుతుంది. రక్తంతో పనిచేసే సిబ్బందికి ఈ మందు అందించాల్సిన బాధ్యత సంస్థదే అని కూడా ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. మంచం దగ్గరికే సూదిని కోసేసే హబ్ కట్టర్, గుచ్చుకోని తెల్ల డబ్బా తీసుకుపోండి. డబ్బా నాలుగింట మూడొంతులు నిండగానే మార్చాలి. నిండిన డబ్బాలోకి బలవంతంగా తోసేటప్పుడే చాలామందికి గుచ్చుకుంటుంది.

ప్రశ్న: హౌస్‌సర్జన్‌ను. రాత్రి డ్యూటీలో పాము కరిచిన మనిషిని తెచ్చారు, వెంట పదిహేను మంది. "సూది ఎందుకేస్తలేరు, మనిషి సస్తుంటె సూస్కుంట కూసున్నరా" అని కాలర్ పట్టుకున్నారు. నేనూ గట్టిగా అరిచాను. తర్వాత సిగ్గేసింది. ఏం చేసి ఉండాల్సింది?
– దేవరకొండ వైపు ఒక ఏరియా ఆసుపత్రి నుంచి

జవాబు: ఆ పదిహేను మందికి తెలియని సంగతి ఒకటి మీకు తెలుసు: పాము కరిచిన ప్రతి మనిషికీ విషానికి విరుగుడు మందు (యాంటీవెనమ్) వేయరు. విషం ఎక్కిన గుర్తులుంటేనే వేస్తారు. వాళ్ల కళ్లకు మాత్రం మీరు ఉత్త గాజు గొట్టం పట్టుకుని నిలబడ్డట్టు కనిపిస్తున్నారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆ గొట్టాన్నే వాళ్లకు చూపించండి. విషం రక్తంలో పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష ఎలాగూ చేస్తారు: శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తాజా రక్తం 2 మి.లీ. తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా కారితే రక్తపింజర, ఇసుక పింజర లాంటి పాముల విషం రక్తం మీద పనిచేస్తున్నట్టు. ప్లాస్టిక్ గొట్టం వాడితే, సబ్బుతో కడిగిన గొట్టం వాడితే, మధ్యలో ఎవరైనా కదిపి చూస్తే ఫలితం తప్పుతుంది. ఆ 20 నిమిషాలే ఇంటివాళ్లతో మాట్లాడటానికి మీకున్న టైము.

గుంపు మొత్తానికి జవాబు చెప్పకండి. "పేషెంటుకు దగ్గరి చుట్టం ఎవరన్నా?" అని అడిగి ఒక్కరిని ఎంచుకోండి. ఆయన్ను రెండడుగులు పక్కకు తీసుకుపోండి. మీ వెనక తలుపు ఉండేలా నిలబడండి, మూలకు ఇరుక్కోవద్దు. చేతులు కట్టుకోవద్దు, జేబుల్లో పెట్టుకోవద్దు. గొంతు ఆయన గొంతు కంటే ఒక మెట్టు కింద ఉండాలి, అప్పుడు వినడానికి ఆయన కూడా తగ్గాల్సి వస్తుంది. "అరవకండి", "కూల్ అవ్వండి" అనే మాటలు నిప్పు మీద కిరోసిన్ పోసినట్టే. ఇలా చెప్పండి: "అన్నా, నేనే డ్యూటీ డాక్టర్‌ను. మీ నాయిన రక్తం ఈ గొట్టంల తీసిన. ఇరవై నిమిషాలల్ల గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు, ఎంటనే మందు మొదలుపెడ్తం. మందు మన దగ్గర ఉన్నది. అవసరం లేకుండ ఎక్కిస్తే ఆ మందుకే రియాక్షన్ వస్తది. ఇప్పుడు తొమ్మిది పది. తొమ్మిదిన్నరకు నేనే వచ్చి చెప్త." అన్న టైముకు తప్పకుండా వెళ్లండి, చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా సరే.

ఆలోపు పేషెంటు మొహం చూస్తూనే ఉండాలి. కనురెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగలేకపోతున్నా గొట్టం కోసం ఆగొద్దు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కట్లపాము రాత్రిపూట కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు గుర్తు కూడా కనబడకపోవచ్చు. "కడుపునొప్పి" అని వచ్చేవాళ్లుంటారు. మందు మొదలుపెడితే మొదటి డోసు 8 నుంచి 10 వయల్స్ (చిన్న సీసాలు), సెలైన్‌లో కలిపి దాదాపు గంటలో. పిల్లలకూ అదే డోసు, బరువును బట్టి తగ్గించరు. మొదటి పదిహేను నిమిషాలు మంచం పక్కనే నిలబడండి, అడ్రినలిన్ సిరంజిలోకి లాగి పెట్టుకోండి.

ఇంకో తగువు తాడు దగ్గర వస్తుంది. కాలికి బిగించి కట్టిన తాడును "ఇప్పుడే కోసెయ్" అని ఒకరు, "కోస్తే విషం ఎక్కుతది" అని ఇంకొకరు. రెండోవాడి మాటలోనూ నిజం ఉంది: బాగా బిగించిన కట్టు ఒక్కసారిగా తీస్తే ఆగి ఉన్న విషం ఒక్కపెట్టున పైకి రావచ్చు. సెలైన్ లైను పెట్టి, మందు, శ్వాస అందించే సామాను దగ్గర పెట్టుకుని, నెమ్మదిగా వదులు చేస్తామని ఇద్దరికీ వినబడేలా చెప్పండి. పసరు కట్టినందుకు, మంత్రం వేయించినందుకు ఆ టైములో మందలించవద్దు. ఆ మాటలు డిశ్చార్జ్ రోజు చెప్పుకోవచ్చు.

చెయ్యి మీద పడితే మాత్రం మాటలు ఆపి వెనకనున్న తలుపు గుండా బయటికి వచ్చేయండి. సెక్యూరిటీని పిలవండి, 100కు ఫోన్ చేయండి. పేషెంటు దగ్గర ఇంకొకరు ఉండేలా చూసుకోండి. వైద్య సిబ్బంది మీద దాడిని శిక్షించే 2008 నాటి చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది: మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, బెయిలు ఇవ్వని నేరం. సిబ్బంది మీద దాడి జరిగితే ఆరు గంటల్లోపు ఎఫ్ఐఆర్ పెట్టించే బాధ్యత సంస్థ అధిపతిదే అని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. మీరు ఒంటరిగా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సిన పని లేదు. మీరు అరిచిన సంగతికి వస్తే, మరుసటి రోజు వెళ్లి "రాత్రి నేను కూడ గట్టిగ మాట్లాడిన, ఏమనుకోకండి" అని ఒక్క మాట అనండి. మీ మీద వాళ్లు చెయ్యి చేసుకోవడం వేరే సంగతి, ఆ ఫిర్యాదు వదులుకోనక్కర్లేదు.

ప్రశ్న: రాత్రి డాక్టర్ గారికి ఫోన్ చేస్తే "ఇంత చిన్నదానికి లేపుతావా" అని కసిరారు. ఇప్పుడు ఫోన్ తీయాలంటేనే చేయి వణుకుతోంది. – స్టాఫ్ నర్సు, సూర్యాపేట

జవాబు: నిద్రలో లేచిన మనిషికి "సార్, 6వ బెడ్ పేషెంటు బాగాలేదు" అన్న మాట ఏమీ చెప్పదు. ఫోన్ చేసే ముందు రెండు నిమిషాలు పెట్టి నాడి, బీపీ, శ్వాస చూడండి. కేస్ షీట్ చేతిలో పట్టుకోండి. నాలుగు ముక్కలు వరుసగా చెప్పండి: ఇప్పుడేమైంది, వెనక సంగతేంటి, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. ఇలా: "సార్, పోస్ట్‌నేటల్ వార్డు స్టాఫ్ నర్సును. 6వ బెడ్, బ్లీడింగ్ ఎక్కువైంది. నాడి 124, బీపీ 90/60. కాన్పు అయి రెండు గంటలు, మూడో కాన్పు. గర్భాశయం మెత్తగా ఉంది, మసాజ్ చేస్తున్నాం, సెలైన్ పెట్టాం. ఇది కాన్పు తర్వాత రక్తస్రావమే అనుకుంటున్న. మీరు ఇప్పుడే రావాలి." ఇరవై సెకన్లు పట్టదు. చివరి వాక్యం అడగడానికే మనవాళ్లకు నోరు రాదు. అది లేకపోతే అవతలివాళ్లు "సరే, చూస్తూ ఉండు" అని ఫోన్ పెట్టేస్తారు.

ఫోన్లో చెప్పిన డోసును తిరిగి చదివి వినిపించండి. తెలుగులో "ఇరవై", "అరవై" ఫోన్లో ఒకేలా వినబడతాయి. "ఎనభై", "తొంభై" కూడా అంతే. "ఆక్సిటోసిన్ రెండు సున్నా యూనిట్లు, లీటరు సెలైన్‌లో, అవునా సార్?" అని అంకె అంకె విడదీసి అడగండి. ఆయన అవునన్నాకే రాయండి, టైము వేయండి.

ఎత్తకపోతే వెంటనే రెండోసారి, ఆ తర్వాత పై డాక్టర్‌కు. ఏ టైముకు ఎవరికి చేశారో నోట్స్‌లో ఉండాలి. కసరడం ఆయన తప్పు, మీది కాదు. అది రోజూ జరుగుతుంటే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: వార్డులో స్నేహితులతో దిగిన ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టాను. వెనక ఒక పేషెంటు కనిపిస్తోందని సార్ తిట్టారు. అంత పెద్ద తప్పా? – వనపర్తి

జవాబు: అవును. సొంత జిల్లాలో చదువుతున్నారు, మీ స్టేటస్ చూసేవాళ్లలో ఆమె చుట్టాలుంటారు. ఆమె ఏ వార్డులో ఉందో తెలిస్తే రోగమేంటో తెలిసినట్టే. తీసేయండి, ఎవరైనా దాచుకుని ఉంటే తీసేయమని అడగండి, సార్‌కు ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: అచ్చంపేట దిక్కు పీహెచ్‌సీలో ఒక్కదాన్నే నైట్ డ్యూటీ చేస్తా. నిండు చూలాలికి ఫిట్స్ వస్తే చేతులు ఆడవు. మొదటి పది నిమిషాలు ఏం చేయాలి?
– స్టాఫ్ నర్సు

జవాబు: చేతులు ఆడకపోవడానికి సగం కారణం ఫిట్స్‌కు వేసే మెగ్నీషియం సల్ఫేట్ యాంపుళ్లే. 50 శాతం మందు 2 మి.లీ. యాంపుల్‌లో 1 గ్రాము ఉంటుంది. పెద్దాసుపత్రికి పంపే ముందు ఇవ్వాల్సింది 10 గ్రాములు, అంటే పది యాంపుళ్లు. ఒక్కో పిరుదులోకి ఐదేసి, 10 మి.లీ. చొప్పున, కండలో లోతుగా. వణికే చేతులతో పది యాంపుళ్లు విరవడం కష్టం. అందుకే ప్రతి డ్యూటీ మొదట్లో ఒక ట్రే సిద్ధం చేసుకోండి: పది యాంపుళ్లు, రెండు 10 మి.లీ. సిరంజిలు, పొడవాటి సూదులు, దూది, మందు ఎక్కువైతే విరుగుడుగా ఒక యాంపుల్ కాల్షియం గ్లూకోనేట్. ట్రే మీద చీటీ అంటించి "5+5" అని రాసి పెట్టండి.

ఫిట్స్ వచ్చినప్పుడు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ ఏదీ కుక్కొద్దు. ఇంటివాళ్లు చేతిలో తాళంచెవులు పెడతామంటారు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తామంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకుండా పని అప్పగించండి: "అక్కా, నువ్వు తల పక్కకు పట్టుకో", "అన్నా, నువ్వు 108కి ఫోన్ చెయ్, స్పీకర్ పెట్టు." పని ఉన్న మనిషి అరవడు. నోరు, ముక్కు తుడిచి ఆక్సిజన్ పెట్టండి, మూర్ఛ ఆగాక బీపీ చూడండి, మందు వేయండి. స్పృహలో ఉంటే ఒళ్లంతా వేడిగా అనిపిస్తుందని ముందే చెప్పండి.

రెఫరల్ చీటీ మీద పెద్ద అక్షరాలతో మందు పేరు, 10 గ్రాములు, వేసిన టైము రాయండి. 108 సిబ్బందికి నోటితో కూడా చెప్పండి. ఆ చీటీ లేకపోతే పెద్దాసుపత్రిలో మొదటి డోసు మళ్లీ వేసే ప్రమాదం ఉంది. మందు ఎక్కువైతే మోకాలు తడితే ఎగరదు, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గుతుంది. మూత్రం గంటకు 30 మి.లీ. కంటే తగ్గితే మందు ఒంట్లో పేరుకుపోతుంది. శ్వాస తగ్గిపోతే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నరానికి, పది నిమిషాల్లో నెమ్మదిగా.

ప్రశ్న: రౌండ్స్‌లో పేషెంట్ల ముందు తిడతారు. ఓర్చుకోవడమే ప్రొఫెషనలిజమా? – ఎంబీబీఎస్ రెండో సంవత్సరం

జవాబు: రెండు వేరు. "ఈ పరీక్ష తప్పుగా చేశావు" అన్నది పనికి సంబంధించిన మాట. ఎంత కఠినంగా అన్నా అందులోంచి నేర్చుకునేది తీసుకుని, "సరే సార్, మళ్లీ చేసి చూపిస్తా" అనండి. కులం, ఊరు, భాష, రూపం, ఆడ మగ అని ఎత్తి మాట్లాడితే అది బోధన కాదు, ఓర్చుకోనక్కర్లేదు. తేదీ, టైము, అన్న మాటలు, అక్కడున్నవాళ్లు: అదే రాత్రి రాసి పెట్టుకోండి. సీనియర్ల ర్యాగింగ్ అయితే కాలేజీ కమిటీకి, లేదా జాతీయ ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522కు చెప్పండి. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం ఉండే అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాసివ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. నిద్ర లేక, తిండి సహించక, బతకాలనిపించక ఉంటే ఇవాళే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకోరు, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: చనిపోయిన సంగతి ఇంటివాళ్లకు చెప్పమని మమ్మల్ని పంపుతారు. ఎలా చెప్పాలి? – హౌస్‌సర్జన్, నల్లగొండ

జవాబు: ముందు కేస్ షీట్ చూసి పేరు సరిచూసుకోండి. ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోలేం. మాస్కు కిందికి దించండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, నడవాలో నిలబెట్టి కాకుండా కూర్చోబెట్టి చెప్పండి. దగ్గరి మనిషి ఎవరో అడగండి. "మీకు ఇప్పటిదాకా డాక్టర్లు ఏం చెప్పిన్రు?" అని మొదలుపెడితే వాళ్లెక్కడున్నారో తెలుస్తుంది. "మంచి వార్త కాదమ్మా" అని ఒక్క క్షణం ఆగండి.

తర్వాత వాడే మాట చాలా ముఖ్యం. "ఎక్స్‌పైర్ అయిన్రు" అంటే మన ముసలివాళ్లకు అర్థం కాదు. "పోయిండు" అంటే మన దగ్గర వెళ్లిపోయిండనీ అర్థం, "ఎటు పోయిండు?" అని అడిగినవాళ్లున్నారు. "కష్టమమ్మా", "చేయాల్సింది చేసినం" అంటే ఇంకా బతికే ఉన్నాడనుకుంటారు. "మీ ఆయన చనిపోయిండమ్మా" అని ఒక్కసారి, స్పష్టంగా చెప్పాలి. ఆ తర్వాత నోరు మూసుకుని అక్కడే ఉండాలి. ఆ నిమిషం చాలా పొడవుగా అనిపిస్తుంది. దాన్ని వివరణలతో నింపకండి. ఏడుపు కాస్త తగ్గి వాళ్లే "ఎట్ల అయ్యింది?" అని అడిగినప్పుడు చెప్పండి.

పాము కాటు, పురుగుల మందు, రోడ్డు ప్రమాదం అయితే పోలీసులకు తెలియజేయాలి, పోస్ట్‌మార్టం ఉంటుంది. అది చెప్పకుండా "కాసేపట్లో తీసుకుపోవచ్చు" అనడమే మరుసటి గొడవకు కారణం. ఎన్ని గంటలు పట్టొచ్చు, ఏ కాగితాలు, ఎవరి సంతకం అన్నది మీరే కనుక్కుని వచ్చి చెప్పండి.

ప్రశ్న: ఆపరేషన్ థియేటర్‌లో రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయాను. ఈ చదువుకు పనికిరానా? – నర్సింగ్ రెండో సంవత్సరం, నాగర్‌కర్నూల్

జవాబు: పనికొస్తారు. రక్తం చూడగానే కొందరికి నాడి, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి, అది పిరికితనం కాదు. పొద్దున టిఫిన్ తిని, నీళ్లు తాగి వెళ్లండి. మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడొద్దు, మడమలు ఎత్తి దించుతూ ఉండండి. చెమట, ఆవులింత, చెవుల్లో హోరు, కళ్ల ముందు మసక మొదలైతే పిడికిళ్లు, తొడలు, పొట్ట కండరాలు గట్టిగా బిగించి 10, 15 సెకన్లు పట్టి వదిలేయండి. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ, అలా ఐదుసార్లు. ఇంట్లో రోజూ సాధన చేస్తే థియేటర్‌లో ఒళ్లు దానంతట అదే చేస్తుంది. తగ్గకపోతే "సిస్టర్, కళ్లు తిరుగుతున్నయి" అని చెప్పి, స్టెరైల్ టేబుల్‌కు దూరంగా వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చోండి. నేల మీద కూర్చున్నవాళ్ల తల పగలదు. తేరుకున్నాక మళ్లీ లోపలికి వెళ్లండి, అదే రోజు.